మైదాన్ చూశారా? రహీం సాబ్ కథ, మన సీమ గ్రౌండ్లు

టవర్‌క్లాక్ (అనంతపురం)

అప్పా, అజయ్ దేవ్‌గణ్ 'మైదాన్' ఇన్నాళ్ళకి ఓటీటీలో చూశాను. 2024 ఏప్రిల్‌లో రంజాన్ పండక్కి వచ్చినప్పుడు థియేటర్లో చూడటం కుదరలేదు. మూడు గంటల సినిమా. మొదటి సగంలో రెండు మూడుసార్లు ఫోన్ చూసుకున్నాను, అబద్ధం ఎందుకు. ఆఖరి మ్యాచ్ మొదలయ్యాక మాత్రం సోఫాలో కూర్చోలేక నిలబడే చూశాను. మా ఆవిడ వచ్చి కరెంటు పోయిందా అని అడిగింది, అట్లా ఉంది నా వాలకం.

చూడనివాళ్ళ కోసం కథ: సయ్యద్ అబ్దుల్ రహీం అని హైదరాబాద్ స్కూల్ టీచర్. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత ఫుట్‌బాల్ జట్టుకి ఆయనే కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తు. 1956 మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం. 1960 రోమ్‌లో గ్రూపు దశలోనే ఇంటిదారి. ఆ తర్వాత ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆ ఒంటితోనే జట్టును తీసుకుపోయి 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం కొట్టించాడు.

ఇందులో నిజమెంత, మసాలా ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంకో మాట కూడా అడగాలని ఉంది. మన అనంతపురం, కర్నూలు, కడపల్లో ఇట్లాంటి సినిమా తీయాలంటే ఎవరి కథ తీయాలి?

శెనక్కాయ పచ్చడి (ధర్మవరం)

మన కథ తీస్తే మొదటి సీన్‌లోనే నాలుగు సుమోలు లేస్తాయి కదన్నా. బంతి కోసం వెతికేలోపు ఇంటర్వెల్.

ఏడురోడ్లు (కడప)

కబడ్డీ ఆడటానికి కర్నూలు వచ్చిన హీరో 'ఒక్కడు'లో కబడ్డీ ఆడింది ఎంతసేపు? కొండారెడ్డి బురుజు దగ్గర కొట్లాటే అందరికీ గుర్తుంది. 2003 నుంచి ఇప్పటిదాకా బురుజు దగ్గర సెల్ఫీలు దిగుతూనే ఉన్నారు జనం. సీమలో ఆటల సినిమా అంటే అంతే, ఆశ పెట్టుకోకండి.

బురుజు నీడ (కర్నూలు)

బురుజు గురించి జాగ్రత్తగా మాట్లాడు తమ్ముడూ, పేరు పెట్టుకున్నవాణ్ణి ఇక్కడే ఉన్నాను.

టవర్‌క్లాక్ గారూ, నిజానిజాలు నాకు తెలిసినంత చెబుతాను. మా నాయనకి ఫుట్‌బాల్ పిచ్చి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు చెబితే అన్నం తినడం ఆపేసి మాట్లాడేవాడు. ఆ జట్టునూ తీర్చిదిద్దింది రహీం సాబే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు వాళ్ళదే. రాష్ట్రం ఏర్పడ్డాక ఆ జట్టే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది, 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచింది.

స్కోర్లు, సంవత్సరాలు, ఆటగాళ్ళ పేర్లు నిజం. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఫైనల్, దక్షిణ కొరియా మీద 2-1. మొదటి గోల్ పీకే బెనర్జీ, రెండోది జర్నైల్ సింగ్, రెండూ ఇరవై నిమిషాల్లోపే. ఇదే కొరియా టోర్నీ మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించింది. జర్నైల్ తలకి కుట్లు పడటం, అసలు డిఫెండర్ అయిన మనిషిని రహీం సాబ్ ముందుకి పంపి స్ట్రైకర్‌గా ఆడించడం, జ్వరం నుంచి లేచొచ్చిన పీటర్ తంగరాజ్‌ని ఫైనల్‌లో గోల్ ముందు నిలబెట్టడం, ఇవన్నీ జరిగినవే.

పగబట్టిన పత్రికాయన పాత్ర కల్పితం. సినిమాకి విలన్ కావాలి కదా.

నాకు అసంతృప్తి ఒక్కటే. దేవ్‌గణ్ నటన బాగుంది, కళ్ళతోనే సగం చెప్పేశాడు. మాటల్లో మాత్రం హైదరాబాద్ లేదు. కర్నూలులో మా ఇళ్ళలో మాట్లాడే దక్కనీ ఉర్దూ వాసన కూడా తగల్లేదు. పాతబస్తీ మాస్టారు ఢిల్లీ ఆఫీసర్‌లా మాట్లాడితే ఎట్లా?

లెఫ్ట్ బ్యాక్ (బెంగళూరు, సొంతూరు గుంతకల్లు)

గుంతకల్లు రైల్వే గ్రౌండ్‌లో ఆడి పెరిగినవాణ్ణి. పీకే బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఆటగాడు అని మా పెద్దోళ్ళు మా డివిజన్ మనిషే అన్నంత గర్వంగా చెప్పేవాళ్ళు.

జకార్తా జనం గోల సినిమాలో ఎక్కువ చేశారనిపిస్తుంది గానీ ఎక్కువేం చేయలేదు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. మన అధికారి సోంధీ అది తప్పని, ఇవి ఆసియా క్రీడలు అనిపించుకోవని అన్నాడు. దాంతో అక్కడి జనం మన ఎంబసీ మీద పడ్డారు. ఫైనల్ రోజు లక్షమంది దాకా ఉన్న స్టేడియం మన జట్టుకి ఎదురు. ఆ గోలలో మనకోసం అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టు. అంతకు ముందురోజే హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించిన జట్టు అది. పీకే బెనర్జీ చివరిదాకా ఈ ముచ్చట చెప్పేవాడు.

ఏడురోడ్లు (కడప)

సినిమా చూసినవాళ్ళంతా మన జట్టుని 'అండర్‌డాగ్' (గెలుస్తుందని ఎవరూ అనుకోని జట్టు) అంటుంటే నవ్వొస్తోంది. 1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగితే ఫుట్‌బాల్ స్వర్ణం మనదే, ఇరాన్ మీద 1-0. కోచ్ ఇదే రహీం. 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో కొట్టి సెమీస్‌కి పోయారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఇంత చరిత్ర ఉన్నవాళ్ళు ఏమీ లేనివాళ్ళు ఎట్లా అయ్యారు? సినిమావాళ్ళు 10-1 ఓటమి నుంచి మొదలుపెడితే మనం కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంటాం.

బురుజు నీడ (కర్నూలు)

గెలిచిన సంవత్సరాలే ఏరుకున్నావు. 1954 మనీలాలో గ్రూపు దాటలేదు. 1958 టోక్యోలో నాలుగో స్థానం. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా, హంగరీ, పెరూ చేతుల్లో ఓటమి. 1962లో మొదటి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో దెబ్బ. ఆరోజు మన మీద పందెం కాసేవాడు ఎవడు?

నువ్వు చెప్పిన ఆస్ట్రేలియా మ్యాచ్ 1956 డిసెంబరు 1న. సరిగ్గా నెలరోజుల ముందు, నవంబరు 1న మా కర్నూలుకి రాజధాని హోదా పోయి హైదరాబాద్‌కి వెళ్ళింది. మా నాయన ఈ రెండూ కలిపి, రాజధాని పోతే పోయింది గానీ రహీం సాబ్ మనవాడయ్యాడు అనేవాడట. కర్నూలోళ్ళ ఓదార్పు ఇట్లా ఉంటుంది.

శెనక్కాయ పచ్చడి (ధర్మవరం)

మీ నాయన మాట సూపర్ భాయ్.

టవర్‌క్లాక్ (అనంతపురం)

ఏడురోడ్లు అన్న చెప్పిందాంట్లో కొంత న్యాయం ఉంది. ఆటల సినిమాలన్నిటికీ ఇదే జబ్బు. 'దంగల్' చూడండి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ కుస్తీ ఫైనల్‌లో గీతా ఫోగట్ నిజానికి ఏకపక్షంగా గెలిచింది, 1-0, 7-0. సినిమాలో ఆఖరి సెకండ్ల దాకా లాగి, నాన్నని గదిలో పెట్టి తాళం వేశారు. సులువుగా గెలిస్తే టికెట్ డబ్బులు గిట్టుబాటు కావనుకుంటారేమో. మైదాన్‌లో ఆ అవసరం రాలేదు, అసలు మ్యాచ్‌లోనే అంత టెన్షన్ ఉంది. 85వ నిమిషంలో కొరియా గోల్ కొట్టాక మిగిలిన ఐదు నిమిషాలకి దర్శకుడు ఏం కల్పించాలి?

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

చాలాకాలంగా చదవడమే గానీ రాయను. ఈ సినిమా పేరు చూసి ఆగలేకపోతున్నా. నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఉంది మాకు.

సినిమా నాకూ నచ్చింది. కానీ పైనున్న కమిటీవాళ్ళు అడ్డుపడటం, కోచ్ పళ్ళు బిగించి నిలబడటం చూస్తుంటే ఒకటే అనిపించింది. మాకు అడ్డుపడేంత తీరిక ఏ కమిటీకీ లేదు. మమ్మల్ని ఆపేది సాయంత్రం ఆరుంబావు పల్లెవెలుగు. స్కూలు వదిలాక గ్రౌండ్‌లోకి దిగేసరికి నాలుగున్నర అవుతుంది. ఆరు కొట్టగానే ఆట మధ్యలో ఉన్నా పిల్లలు బ్యాగులు తగిలించుకుని పరిగెత్తాలి. ఆ బస్సు పోతే మళ్ళీ ఆటోనే. చీకటి పడ్డాక ఆటోలో ఆడపిల్లలా అని ఇంట్లోవాళ్ళు మర్నాటి నుంచి ఆటే మాన్పిస్తారు.

ఇంకోటి బంతి. మా గ్రౌండ్ చుట్టూ సర్కారు తుమ్మ. గట్టిగా ఒక షాట్ కొడితే బంతి పోయి ముల్లు మీద కూర్చుంటుంది. పంక్చర్ వేయించి గాలి కొడదామంటే పంపు సూది ఉండదు. ఉన్న ఒక్క సూదీ బీరువాలో చాక్‌పీసుల డబ్బాలో పెట్టి తాళం వేస్తాను. పిల్లలు దాన్ని నోట్లో తడిపి, బంతి వాల్వులో మెల్లగా తిప్పుతూ దించుతారు. వంకర పోతే అంతే సంగతులు, ఆ వారమంతా రన్నింగే. షిన్ ప్యాడ్స్ (ముంగాలికి దెబ్బ తగలకుండా పెట్టుకునేవి) అయితే పాత నోటుబుక్కుల అట్టలు. రెండు అట్టలు కలిపి సాక్సులో దోపుకుంటారు, చెమటకి అవి మెత్తబడితే హాఫ్‌టైమ్‌లో మార్చుకుంటారు.

ఇవి ఏడవడానికి చెప్పడం లేదు. పోయిన సీజన్‌లో మా పిల్లలు బాగానే ఆడారు.

లెఫ్ట్ బ్యాక్ (బెంగళూరు, సొంతూరు గుంతకల్లు)

మేడం, అట్టల షిన్ ప్యాడ్ చదివి మా రోజులు గుర్తొచ్చాయి. మేం క్యాలెండర్ అట్టలు వాడేవాళ్ళం, అవి ఇంకొంచెం గట్టి.

సినిమాలో కమిటీ సీన్లు నాకు మాత్రం గట్టిగానే తగిలాయి. జిల్లా జట్టు సెలక్షన్‌లో నా పేరు చదివారు. సాయంత్రానికి లిస్టులో నా పేరు లేదు, ఇంకెవరో వచ్చారు. ఎవరిని అడిగినా పైవాళ్ళని అడుగు అన్నారు. ఆ పైవాళ్ళు ఎవరో ఇప్పటికీ తెలియదు. విలన్ అంటే సిగార్ తాగుతూ కనిపిస్తాడనుకుంటాం గానీ అసలు కనిపించకపోవడమే విలనీ.

బురుజు నీడ (కర్నూలు)

మేడం గారూ, మీరు బస్సు గురించి చెబితే తులసీదాస్ బలరాం గుర్తొచ్చాడు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు, బీదకుటుంబం. రహీం సాబ్ ప్రాక్టీసుకి రమ్మన్నాడు. అంత దూరం రోజూ వచ్చి పోవడానికి డబ్బుల్లేవు. సైకిల్ అద్దెకి డబ్బులు రహీం సాబే ఇచ్చాడని బలరాం చాలాచోట్ల చెప్పుకున్నాడు. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 స్వర్ణం జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు.

రహీం సాబ్ అంటే వ్యూహాలు, 4-2-4 (నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు) అని మాట్లాడతారు. ఎడమకాలితోనే ఆడాలని షరతు పెట్టి టోర్నమెంట్లు జరిపేవాడు, అది కూడా నిజమే. కుడికాలి ఆటగాడు కుడికాలితో కొడితే ఫౌల్. నాకు మాత్రం అన్నిటికన్నా సైకిల్ అద్దె గొప్పగా కనిపిస్తుంది.

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

ఎడమకాలి ఆట రేపే మొదలుపెడతాను. ఖర్చు లేనిది.

సైకిల్ అద్దె సంగతి మాకు సగం తీరింది భాయ్. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. అంతకుముందు ఛార్జీ లేక శనివారం ప్రాక్టీసుకి రాని పిల్లలు ఇప్పుడు వస్తున్నారు. డబ్బు అడ్డు తీరింది, టైము అడ్డు ఉంది. బస్సు అరగంట ఆలస్యంగా బయల్దేరేలా మార్చమని డిపోలో అర్జీ ఇచ్చాం. చూస్తామన్నారు.

శెనక్కాయ పచ్చడి (ధర్మవరం)

ఎడమకాలితో ఆడమంటే నేను బంతిని కాదు, నా కుడికాలిని తన్నుకుంటా.

ఏడురోడ్లు (కడప)

సరే, టవర్‌క్లాక్ అడిగిన రెండో ప్రశ్నకి నా జవాబు. శ్రీచరణి. మా జిల్లా, వీరపునాయునిపల్లె మండలం పల్లెటూరు. మొదట్లో వేరే ఆటలాడి క్రికెట్‌కి ఆలస్యంగా వచ్చింది. 2025 జూన్‌లో ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఆడిన మొదటి టీ20లోనే 12 పరుగులిచ్చి 4 వికెట్లు. అదే సంవత్సరం ప్రపంచకప్‌లో 14 వికెట్లు, మన జట్టులో దీప్తి శర్మ తర్వాత ఆమెవే ఎక్కువ. నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగుల తేడాతో గెలిచి కప్పు పట్టుకున్నారు. కడపలో ఊరేగింపు చూశారు కదా, ఏడురోడ్ల కూడలిలో కాలు పెట్టే సందు లేదు.

ఇదీ సినిమా. ఫుట్‌బాల్‌కి సీమలో మార్కెట్ లేదప్పా, చెబితే కోపం వస్తుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం)

మా జిల్లా పేరు మరిచిపోతే ఎట్లా? అనూష బారెడ్డి మాది, నార్పల మండలం బండ్లపల్లి. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది ఆ ఊళ్ళోనే. కూలిపని చట్టానికి పేరుపడ్డ ఊరి నుంచి 2023లో ఎడమచేతి స్పిన్నర్ టీమిండియాకి ఆడింది. విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన సేవాసంస్థ ఆర్డీటీలో తర్ఫీదు పొందిన పిల్ల. ఆ ఊరిని వానలేని పొలాలతో చూపిస్తూ మొదలుపెడితే సగం సినిమా మాటల్లేకుండానే నడుస్తుంది.

బురుజు నీడ (కర్నూలు)

మా కర్నూలు నుంచి షేక్ జాఫ్రీన్ ఉంది. వినిపించని పిల్ల, టెన్నిస్. 2022 మేలో బ్రెజిల్‌లో జరిగిన బధిర ఒలింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం. టెన్నిస్‌లో బంతి రాకెట్‌కి తగిలిన చప్పుడు బట్టి దాని వేగం అంచనా వేస్తారు ఆటగాళ్ళు. ఆ చప్పుడు లేకుండా ఆడటం తెరమీద ఎట్లా చూపిస్తారో చూడాలని ఉంది నాకు. సౌండ్ ఇంజనీర్‌కి అసలైన పరీక్ష.

లెఫ్ట్ బ్యాక్ (బెంగళూరు, సొంతూరు గుంతకల్లు)

టెన్నిస్ అంటే గుర్తొచ్చింది, రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో టెన్నిస్ బడి తెరిచింది అనంతపురంలోనే. కరువు జిల్లాలో మట్టిపిల్లలకి టెన్నిస్ ఏంటని నవ్వినవాళ్ళు ఉన్నారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్నీ అట్లాగే చూశారట. 2024 సెప్టెంబరులో ఆయన పెట్టిన ఆర్డీటీ గ్రౌండ్‌లోనే దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగితే బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చి చూశాను. నీడకోసం జనం ఒకే చెట్టుకింద గుమిగూడితే ఒక తాత ఉగ్గాని పొట్లాలు అమ్మి టీవీవాళ్ళకన్నా ఎక్కువ సంపాదించాడు.

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

మీరు చెప్పిన ముగ్గురూ ఆడపిల్లలే, గమనించారా? సినిమా తీస్తే మాత్రం హీరో కోచ్ అవుతాడు, లేకపోతే నాన్న. పిల్ల ఆడుతుంటే కెమెరా గ్యాలరీలో మగమనిషి కన్నీళ్ళ మీద ఉంటుంది. తెలుగులో 1991లోనే 'అశ్విని' వచ్చింది. అశ్వినీ నాచప్ప తన జీవితం ఆధారంగా తీసిన సినిమాలో తనే నటించింది. పరిగెత్తేది నిజంగా పరిగెత్తే మనిషి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ దారిలో రెండో సినిమా చూపించండి నాకు.

అన్నట్టు, ఈ ఆదివారం మా పిల్లలకి మైదాన్ వేద్దామనుకుంటున్నా. హెడ్‌మాస్టర్ గారు ప్రొజెక్టర్‌కి ఒప్పుకున్నారు. మూడు గంటలు, పైగా హిందీ. మా వాళ్ళలో సగం మందికి హిందీ అంటే పరీక్షల పేపరే. ఏం చేయమంటారు?

టవర్‌క్లాక్ (అనంతపురం)

మొత్తం వేయకండి మేడం, నిద్రపోతారు. జకార్తా భాగం ఒక్కటే వేయండి.

ఏడురోడ్లు (కడప)

జకార్తా కూడా వద్దు, శ్రీచరణి బౌలింగ్ హైలైట్స్ వేయండి.

బురుజు నీడ (కర్నూలు)

హెల్సింకిలో ఓడిపోయే భాగం తప్పకుండా వేయండి. బూట్లు లేకుండా తడినేల మీద ఆడటం మీ పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది, హిందీ అక్కర్లేదు. మధ్యదంతా మీరు తెలుగులో చెప్పేయండి. బలరాం సైకిల్ సంగతి కలపండి. తర్వాత నేరుగా జకార్తా.

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

బాగుంది, అట్లాగే చేస్తా.

ఏడురోడ్లు (కడప)

ఇప్పుడు అడుగుతున్నా, ఎగతాళికి కాదు. 1962 తర్వాత ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ రాలేదు. 1960 తర్వాత ఒలింపిక్స్‌కే పోలేదు. అరవై ఏళ్ళ కిందటి గెలుపు చూపించి పిల్లలకి ఏం చెబుతాం?

బురుజు నీడ (కర్నూలు)

రహీం సాబ్ 1963 జూన్‌లో పోయాడు. ఆయన తర్వాత ఆ పని చేసేవాళ్ళని తయారు చేసుకోలేదు. ఒక్క మనిషి భుజాల మీద నిలబెట్టాం, ఆయనతోటే కూలింది. సినిమా స్వర్ణం దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఈ ప్రశ్న రాదు. నువ్వు అడిగింది మంచిదే.

టవర్‌క్లాక్ (అనంతపురం)

దీనికి ఇంకో కోణం కూడా ఉంది. అప్పటి జట్టంతా ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవాళ్ళు. పోలీసులు, రైల్వేవాళ్ళు. ఆట అయిపోయాక కూడా జీతం వస్తుందన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు మా వీధిలో పిల్లాడు ఫుట్‌బాల్ ఆడతానంటే వాళ్ళ నాన్న మొదట అడిగేది ఉద్యోగం వస్తుందా అనే. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఆట మానేసినవాళ్ళు నాకే తెలుసు.

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

ఆదివారం సినిమా అయింది. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశాం, లోపల ఉక్కపోత. కూర్చుంటారా అనుకున్నా, కదల్లేదు. హెల్సింకిలో గోల్ మీద గోల్ పడుతుంటే వెనక బెంచీవాళ్ళు "మన గోలీ ఏం చేస్తున్నాడు" అని తిట్టారు. జకార్తాలో జనం గోల చేస్తుంటే మా గోల్‌కీపర్ పిల్ల చెవులు మూసుకుంది. పోయిన సీజన్‌లో పక్క మండలం గ్రౌండ్‌లో దానికి అట్లాంటి అరుపులే ఎదురయ్యాయి మరి.

అయిపోయాక ప్రశ్నలు అడగమన్నాను. స్ఫూర్తి గీర్తి అని నేను ప్రిపేర్ అయి పోయాను. ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మేడం, తల పగిలిన ఆయన్ని ఎందుకు ఆడించారు? బెంచీలో ఎవరూ లేరా?" అని అడిగింది. నాకు తోచింది చెప్పాను. మీరెవరైనా సరిగ్గా చెప్పండి, రేపు క్లాసులో చెబుతా.

లెఫ్ట్ బ్యాక్ (బెంగళూరు, సొంతూరు గుంతకల్లు)

మంచి ప్రశ్న మేడం. ఆరోజుల్లో ఆట మధ్యలో మనిషిని మార్చే వీల్లేదు. దెబ్బ తగిలితే పదిమందితోనే ఆడాలి. ప్రపంచకప్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చిందే 1970లో. జర్నైల్‌కి దెబ్బ తగిలింది థాయ్‌లాండ్ మ్యాచ్‌లో. సెమీస్‌కి, ఫైనల్‌కి వేరేవాళ్ళని దించవచ్చు, కానీ అంతటి ఆటగాణ్ణి వదులుకోలేక డిఫెన్స్ నుంచి ముందుకి మార్చి ఆడించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద, ఫైనల్‌లో కొరియా మీద గోల్స్ కొట్టాడు.

ఇవాళైతే తలకి దెబ్బ తగిలిన ఆటగాణ్ణి డాక్టరు చూసి ఒప్పుకోనిదే దింపకూడదు. తల తిరగడం, వాంతి, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా ఆరోజుకి ఆట బంద్, నేరుగా ఆస్పత్రికి.

బురుజు నీడ (కర్నూలు)

నేను చిన్నప్పటి నుంచి ఆ కుట్లని వీరత్వం అనే విన్నాను.

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

వీరత్వం కాదనను భాయ్. కానీ మా పిల్లలు అసలే దెబ్బలు దాచిపెడతారు. చీలమండ వాచినా సాక్సు పైకి లాక్కుని "ఏం కాలేదు మేడం" అంటారు, చెబితే ఇంట్లో ఆట మాన్పిస్తారని భయం. వాళ్ళకి జర్నైల్‌ని చూపించి చప్పట్లు కొట్టమంటే రేపు తల పగిలినా చెప్పరు. అందుకే లెఫ్ట్ బ్యాక్ గారు రాసిన ఆ చివరి మూడు లక్షణాలు చార్టు మీద రాయించి స్టాఫ్‌రూం బయట అంటిస్తున్నాను. ఆ ప్రశ్న అడిగిన పిల్లతోటే రాయిస్తున్నా, దాని చేతిరాత బాగుంటుంది.

శెనక్కాయ పచ్చడి (ధర్మవరం)

ఆ పిల్లని సెలక్షన్ కమిటీలో వేయండి మేడం.

లెఫ్ట్ బ్యాక్ (బెంగళూరు, సొంతూరు గుంతకల్లు)

మేడం, మా ఆఫీసు వాళ్ళం కొంతమంది కలిసి బంతులు పంపుదామనుకుంటున్నాం. సైజు చెప్పండి. షిన్ ప్యాడ్స్ కూడా.

విజిల్ మేడం (అనంతపురం జిల్లా)

సంతోషం అండీ. సైజు 5. ఖరీదైన కుట్టు బంతులు వద్దు, మా తుమ్మముళ్ళకి అదీ ఇదీ ఒకటే. గట్టి రబ్బరు బంతులు పంపండి. షిన్ ప్యాడ్స్ చిన్న సైజువి, మా వాళ్ళవి సన్నకాళ్ళు. అన్నిటికన్నా ముందు పంపు సూదులు ఒక డజను పంపండి. స్కూలు అడ్రస్ మీకు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టాను.

ఏడురోడ్లు (కడప)

సూదులు కడపలో కూడా దొరుకుతాయి. నేనొక డబ్బా పంపుతాను, అడ్రస్ నాకూ పెట్టండి. ఫుట్‌బాల్‌కి మార్కెట్ లేదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.